మొగ్గు చెప్పు ఆంగ్లపు మాటలు – అందొక దాని చరిత్ర



ఒకడు ఒక పనివైపు మొగ్గునని చెప్పుటకు ఆంగ్లభాషలో పలుకుబళ్లు అనేకములు కలవు. టెండ్ టు, ప్రోన్ టు, ఇంక్లైన్డ్ టు, ఆప్ట్ టు, లయబుల్ టు, ఎడిక్టెడ్ టు అనునవి వానిలో తఱచుగా వినబడునవి. బడిపిల్లల నిఘంటువులలో వీని కన్నిటికిని ఇంచుమించుగా ఒకే యర్థము కనబడును. ‘స్వభావముగల’, ‘అలవాటుపడిన’ అని వ్రాసికొని బాలురు ముందునకు సాగుదురు. పరీక్షకు అది చాలును. కాని ఈ మాటలలో నొకటి 1871వ సంవత్సరమున ఒక చట్టములోనికి ఎక్కినది. ఎక్కిన పిదప మన తెలుగు మండలములందలి వేలకొలది జనులను, వారు చేసిన పనిని బట్టి కాక, పుట్టిన పుట్టుకను బట్టి కట్టివేసినది. ఆ మాట కథ చెప్పుటకు ముందు దాని తోడిమాటలను కొంచెము చూడవలసియున్నది.

టెండ్ అను మాటకు మూలము లాటినుభాషలోని టెండెరె. చాచుట, సాగదీయుట దాని యర్థము. వింటినారిని లాగుటకును, గుడారపు బట్టను త్రాళ్లతో బిగించుటకును ఆ మాటనే వాడిరి. ఆంగ్లేయులు గుడారమును టెంట్ అనుటయు ఇందువలననే. అది ఫ్రెంచిభాష మీదుగా 14వ శతాబ్దమున ఇంగ్లండు చేరినది. చాచిన చేయి యే దిక్కున నున్నదో మనసును ఆ దిక్కుననే యుండునని కాబోలు, ‘ఒక వైపునకు సాగుట’ యను నర్థము దానికి కుదిరినది. విస్తారార్థకమగు మన ‘తను’ ధాతువునకును ఈ లాటిను మాటకును మూలమొక్కటియే. తంతువు, తంత్రము అనునవి ఆ ధాతువునుండి పుట్టినవి. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో చాటిన భాషాబంధుత్వమునకు ఇదియొక చిన్న సాక్ష్యము. తెలుగు ఆ కుటుంబములోనిది కాదని 1816లో మదరాసున ఎల్లిసు దొర చూపెను. ఆ కథ వేఱు. రోగిని, పసిబిడ్డను కనిపెట్టుకొని యుండుటను గూడ ఆంగ్లమున టెండ్ అనియే యందురు. అది ఎటెండ్ అను మాటకు పొట్టిరూపము. విచారింపగా అదియు మనసును చాచుటయే.

ఇంక్లైన్డ్ అనగా ఒరగినది. ‘ఆశ్రయము’ అను మాటయందలి ‘శ్రి’ ధాతువు దానికి చుట్టము. ప్రోన్ అనగా ముందునకు వంగినది, బోర్లపడినది. మన ‘ప్రవణ’ శబ్దమునందును ఇదే చిత్రము గలదు: మొదట పల్లపు నేల, పిదప దేనియందైనను ఆసక్తి గలవాడు. ఐనను వాడుకలో నొక భేదమున్నది. మనము భక్తిప్రవణుడనవచ్చును, ఆంగ్లేయుడు మాత్రము దానధర్మములకు ప్రోన్ అను మాటను వాడడు. కోపమునకు, జబ్బునకు, వరదకు మాత్రమే దానిని వాడును. ఆప్ట్ అనగా అతికినట్లు అమరినది. లయబుల్ అనగా కట్టుబడినది. అందుచేతనే అది అప్పు, జరిమానా, శిక్ష అను మాటల ప్రక్కన కాపురము చేయుచున్నది. వీనిలో నెల్ల నిష్పక్షపాతమైనది టెండ్ అనునదియే. ఇనుము తడిలో తుప్పుపట్టుటకు టెండ్ అగునన్నచో ఇనుమును ఎవరును దూషించినట్లు కాదు.

దూషణము ఎట్లు చేరునో చూపుటకు ఒక చిన్న నిదర్శనము చాలును. 1920ల దశకమున ఇంగ్లండులోని మనశ్శాస్త్రజ్ఞులు కర్మాగారములలో తఱచుగా దెబ్బలు తగిలించుకొను కూలివానికి ‘యాక్సిడెంట్ ప్రోన్’ అను పేరొకటి కల్పించిరి. ప్రమాదప్రవణుడన్నమాట. పేరు దొరకిన పిదప, యంత్రమునకు కంచె యున్నదా లేదా యని చూచుటకంటె కూలివాని స్వభావమును నిందించుట యజమానులకు సులువయ్యెను.

ఇచ్చట మన వ్యాకరణమును ఒకమాఱు తలచుకొందము. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమునందు క్రియకు వర్తమానము, భూతము, భవిష్యత్తు అనువానితోపాటు తద్ధర్మమని వేఱొకటి చెప్పబడినది. అగ్ని కాల్చును, నూనె నీటిపై తేలును, కోకిల కూయును అనునవి తద్ధర్మములు. ఇవి నేడు జరిగినవియు కావు, రేపు జరుగబోవునవియు కావు. ఆ వస్తువు యొక్క స్వభావమును చెప్పునవి. ‘కోకిల కూసెను’ అన్నచో ఒక యుదయమున ఒక కొమ్మపై జరిగిన సంగతి. ‘కోకిల కూయును’ అన్నచో సర్వకోకిలలకును చెల్లు ధర్మము. మనుష్యుని యెడ ఈ రెండు క్రియలకును నడుమ చాల దూరము కలదు. ‘వాడు దొంగిలెను’ అనుటకు సాక్షి కావలెను, సొత్తు కావలెను, తేది కావలెను. ‘వాడు దొంగిలును’ అనుటకు ఇవియేమియు అక్కఱలేదు. చెప్పువాని నోరొకటి యున్నచో చాలును.

పాణినీయులు ఇంకను లోతుగా పోయిరి. ఒక పనిని చేయుచుండువాడని చెప్పు ప్రత్యయములకు వారు మూడు నిమిత్తములు చెప్పిరి. ఫలము కోరకయే స్వభావముచేత చేయువాడు తచ్ఛీలుడు. స్వభావము లేకున్నను, ఇది నా కులాచారమని చేయువాడు తద్ధర్ముడు. ఆ పనిని చక్కగా చేయ నేర్చినవాడు తత్సాధుకారి. బాలవ్యాకరణములోని తద్ధర్మమునకును దీనికిని కొంత తేడా యున్నది. దాని నిప్పుడు విడిచెదను. ఒకడు ఒక పనిని పలుమాఱులు చేయుచున్నాడన్నంత మాత్రమున, అది వాని శీలమా, ఆచారమా, నేర్పా యని మన పెద్దలు వేఱువేఱుగ ప్రశ్నించిరనుట ఇచ్చట ముఖ్యము. ఆకలిచేత చేసినవాడు ఈ మూడింటిలో దేనియందును చేరడు.

ఇక మన కథానాయకమగు ‘ఎడిక్టెడ్ టు’ అను మాటకు వత్తము. దాని పుట్టుక రోమునగరపు న్యాయసభలో జరిగినది. క్రీస్తుపూర్వము సుమారు 450వ సంవత్సరమున రోమకులు తమ ధర్మములను 12 ఫలకములమీద చెక్కించిరి. అప్పు తీర్పని వానిగూర్చి వానిలో నున్న విధి కఠోరమైనది. అప్పు ఋజువైన పిదప 30 దినముల గడువు. అప్పటికిని చెల్లింపనిచో ఋణదాత వానిని పట్టి తెచ్చును. పూటకాపు నిలుచువాడు లేనిచో సంకెలలు వేసి 60 దినములు తన యింట ఉంచుకొనును. ఆ నడుమ వరుసగా మూడు సంతదినములయందు వానిని బహిరంగముగ నిలువబెట్టి యింత సొమ్మునకని చాటింతురు. ఎవరును విడిపింపకున్నచో వాడు ఋణదాతకు దక్కును. టైబరునది కావల విదేశీయులకు అమ్మివేయవచ్చును. న్యాయాధిపతి ‘వీడు నీకు చెందును’ అని పలుకు తీర్పునకు అడ్డిక్టియో యనియు, అట్లు అప్పగింపబడినవానికి అడ్డిక్టుస్ అనియు పేరు. అనగా ఎడిక్ట్ అనువాడు మొదట త్రాగుబోతు కాడు, జూదరి కాడు, అప్పుపడిన పేదవాడు. క్రీ. పూ. 326లో పోయెటేలియను చట్టము ఋణదాస్యమును చాలవఱకు తొలగించినను మాట మాత్రము నిలిచినది.

16వ శతాబ్దమున ఆ మాట ఆంగ్లమున చేరునప్పటికి, ఒకరి తీర్పుచేత కాక తన మనసుచేతనే తన్ను దేనికైన అప్పగించుకొన్నవాడను నర్థము వచ్చినది. అది మంచికిని చెల్లినది, చెడునకును చెల్లినది. చదువునకు ఎడిక్టెడ్, దైవభక్తికి ఎడిక్టెడ్ అనుట ఆనాడు మెచ్చికోలు మాట. 1611లో ప్రకటింపబడిన ఆంగ్లబైబిలునందు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తుది యధ్యాయమున, స్తెఫను ఇంటివారు పరిశుద్ధులకు సేవచేయుటకై తమ్ము అప్పగించుకొనిరని చెప్పుటకు ఈ మాటనే వాడిరి. క్రమముగ మంచి వెనుకబడి చెడు ముందునకు వచ్చెను. నల్లమందు, మద్యము మొదలగువాని యెడనే అది రూఢిపడినది 20వ శతాబ్దమున. 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు వైద్యగ్రంథములందు దీనిని మాని ‘ఆధారపడుట’ యను నర్థముగల మాటను వాడుడని సలహా యిచ్చిరి. మన తెలుగువారు ‘త్రాగుడునకు బానిస’ యందురు. లాటిను ఎఱుగని మన పల్లెవాడు రోమకుల మూలార్థమును అట్లే పట్టుకొనుట నాకు మిక్కిలి వింతగ తోచును. పండితులు వాడు ‘వ్యసనము’ అను మాటకు మనుధర్మశాస్త్రమునందు కామమువలన పుట్టునవి 10, క్రోధమువలన పుట్టునవి 8 అను లెక్క గలదు. వేట, జూదము, పగటినిద్ర మున్నగునవి అందలివి. ఆ పట్టిక రాజునకై చెప్పబడినది. వ్యసనమును కూలివానియందు కాక మొదట సింహాసనముపై వెదకిరన్నమాట.

1871 అక్టోబరులో భారతప్రభుత్వము ఆ సంవత్సరపు 27వ చట్టముగ నేరజాతుల చట్టమును చేసెను. ఏదేని జాతిగాని, ముఠాగాని, తరగతిగాని జామీను దొరకని నేరములను క్రమముగ చేయుటకు ‘ఎడిక్టెడ్’ అని నమ్ముటకు తగిన కారణమున్నచో, స్థానికప్రభుత్వము పైవారి యనుమతితో ఆ జాతినెల్ల నేరజాతిగ ప్రకటింపవచ్చునని దాని సారము. ఎడిక్టెడ్ అను విశేషణము అంతవఱకు ఒక మనుష్యునికి తగులుకొనునది. ఇచ్చట దానిని జాతికి తగిలించిరి. గజెట్టులో ప్రకటన వెలువడిన పిదప ఏ న్యాయస్థానమును దానిని ప్రశ్నింపరాదని చట్టమే శాసించెను. రోములోని అడ్డిక్టునకు న్యాయాధిపతి యెదుట మూడు సంతలైన నిలుచు భాగ్యము కలదు. వీరికి అదియు లేదు.

చట్టసభలో చేసిన వాదము మన దేశమునుండియే ఎత్తుకొన్నది. ఈ దేశమున సాలెవాని కొడుకు నేయును, వడ్రంగి కొడుకు చెక్కును. అట్లే కొన్ని కులములకు నేరమే వంశపరంపరగా వచ్చు వృత్తి యని వారనిరి. కులమును బట్టి గుణమును నిర్ణయించు అలవాటు మనలో లేకపోయినచో ఆ వాదము అంత తేలికగ చెల్లియుండెడిది కాదు. ఆ మాట చెప్పక దొరలను మాత్రమే నిందించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

మొదట ఆ చట్టము ఉత్తరదేశమునకే పరిమితము. 1897 నాటి సవరణచేత, నాలుగేండ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి వేఱుశాలలలో నుంచుటకు వీలుకలిగెను. 1911 నాటి చట్టముచేత అది మదరాసు రాజధానికి వ్యాపించెను. పేర్లు పట్టీలో నెక్కినవారు వ్రేలిముద్రలు వేయవలెను, హాజరు చెప్పవలెను, ఊరు దాటుటకు చీటి పుచ్చుకొనవలెను, చీటి లేక చుట్టపుటింటికి పోయినను అది నేరమే.

మన ప్రాంతమున దీనికి ముఖ్యముగ గుఱియైనవారు ఎఱుకలవారు. వారి పేరునందే ‘ఎఱుక’ యున్నది. వారి స్త్రీలు ఎఱుక చెప్పుదురు. గంపలు, తట్టలు, చాపలు అల్లుటలో ఆ కులము పేరుపొందినది. అంతకు మించిన సంగతి యొకటి నేటివారికి తెలియదు. పూర్వము వారిలో పలువురు ఉప్పు బేరగాండ్రు. సముద్రతీరమునుండి ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను లోపలిసీమలకు మోసికొనిపోయి, ధాన్యముతో మార్చుకొని మరల తీరమునకు వచ్చెడివారు. 1805లో కుంపిణీవారు మదరాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తసొత్తుగ చేసికొనిరి. పిదప బాటలు, రైళ్లు వచ్చి బస్తా ఉప్పును బండెడుగ, బండెడు ఉప్పును పెట్టెడుగ మోయసాగినవి. 1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు దక్షిణదేశమును ఊడ్చివేసెను. 1882 నాటి మదరాసు అడవుల చట్టముతో వెదురును, మేతయును అధికారి యనుమతికి లోబడెను. ఉప్పు పోయినది, బాట పోయినది, వెదురు పోయినది. మిగిలినది తిరుగుట మాత్రమే. తిరుగువాడు పోలీసువారి కంటికి అనుమానపువాడు. వారిలో దొంగతనము చేసినవారు లేరని నేననను; చేసినవారు ఉండిరి. వారి క్రియ భూతము. చేయనివారికిని, పుట్టబోవు వారికిని దానిని తద్ధర్మముగ మార్చినది చట్టము.

బాపట్లకు సమీపమున 1913 ప్రాంతమున ఏర్పడిన స్టూవర్టుపురము ఇట్టి సెటిల్మెంటే. మదరాసు గవర్నరుగారి కార్యనిర్వాహకసభలో నుండిన సర్ హెరాల్డు స్టూవర్టు పేర దానికి ఆ పేరు వచ్చెను. నెల్లూరు మండలమున కప్పరాళ్లతిప్ప, కర్నూలు మండలమున సిద్ధాపురము అటువంటివే. స్టూవర్టుపురము నిర్వాహకులు రక్షణ సైన్యమువారు. వారు బడి పెట్టిరి, మందులిచ్చిరి, భూమిని సాగుచేయించిరి. అచ్చటివారు కొందఱు చీరాల పొగాకు కర్మాగారమున కూలికి పోయిరి. ఆ మిషనరీలు తమ ఆంగ్లబైబిలునందు స్తెఫను ఇంటివారిని మెచ్చు ఆ మాటను చదివియే యుందురు. అదే మాట తమ పోషణలో నున్నవారి మెడకు నేరపు బిళ్లగ తగిలియుండుట వారికి తట్టెనో లేదో. వారి దయను కాదనను. ఐనను దయచేసిన చేతిలోనే హాజరుపట్టీ యుండెను. అచ్చట పుట్టిన బిడ్డకు, బయటి యూరిలోని బడికి పోయినప్పుడు ఊరి పేరు చెప్పుటయే శిక్షయైనది. ఊరిపేరు విన్నంతనే మన పెద్దలు పెరటితలుపు గడియ వేసికొనుట ఎన్నాళ్లు సాగినదో మీకును తెలియును.

1947లో మదరాసు ప్రభుత్వము ఆ చట్టమును తన రాజధానిలో రద్దుచేసెను. 1949లో కేంద్రప్రభుత్వము దేశమంతటి సంగతిని విచారించుటకు ఒక సంఘమును నియమించెను. దాని యధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతమువారగు మాడభూషి అనంతశయనమయ్యంగారు. పిమ్మట లోకసభకు స్పీకరైనవారు. ఆ సంఘము చట్టమును తొలగింపవలసినదనెను. 1952 ఆగస్టు 31న అది దేశమంతటను తొలగినది. నాటినుండి ఆ జాతులకు విముక్తజాతులని పేరు వచ్చినది. వారిలో పలువురు ఆ దినమును నేటికిని పండుగగ జరుపుకొనుచున్నారు.

ఎడిక్టెడ్ పోయిన చోటికి ‘హేబిట్యుయల్’ వచ్చెను. అలవాటైన నేరస్థుల చట్టము మదరాసున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1962లోను వచ్చినది. ఇది జాతిని కాక వ్యక్తిని చూచును. వానికి లోగడ పలుమాఱులు శిక్షపడియుండవలెను. భూతక్రియను లెక్కపెట్టిన పిదపనే తద్ధర్మమును పలుకుచున్నది కనుక పూర్వపు చట్టముకంటె ఇది మేలనియే చెప్పవలెను. కాని మాట మాఱినంత త్వరగ అధికారుల మనసు మాఱలేదు. కారాగారనియమములలో విముక్తజాతులవారిని పుట్టుకచేతనే అలవాటుపడిన నేరస్థులుగ నెంచు వాక్యములు అనేక రాష్ట్రములందు నిలిచియుండెను. 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు, చెఱసాలలలో కులమును బట్టి పనులు పంచు నియమములతోపాటు వీనిని గూడ రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను.

మన పల్లెలకు సంబంధించిన సంగతి ఇంకొకటి చెప్పి విరమింతును. అలవాటుగ దొంగతనము మున్నగునవి చేయువానినుండి సత్ప్రవర్తనకై పూచీ పుచ్చుకొను అధికారము 1898, 1973 నాటి నేరవిచారణస్మృతులలో నున్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందును, 129వ విభాగమున, అది యున్నది. ఒకడు అట్లు అలవాటుపడినవాడని చూపుటకు లోకప్రవాదము, అనగా నలుగురు అనుకొను మాట, సాక్ష్యముగ చెల్లుననియు ఆ స్మృతులే చెప్పుచున్నవి. ఆ నలుగురును పట్టణమునుండి రారు. ‘వీడు దొంగిలును’ అని వ్రాసిన కాగితము క్రింద సంతకము చేయుటకు పిలువబడువారు సాధారణముగ ఆ యూరి చదువుకొన్న పెద్దలే.